జత గాజు

మా ప్రశ్నావళి మొదటి పేజీలోనే ఒక తేలికైన ప్రశ్న ఉంది: ఇంట్లో మొబైల్ ఫోన్లు ఎన్ని? చాలామంది ఆలోచించకుండానే చెప్పేస్తారు. ఖమరున్నీసా మాత్రం ఆగారు. గోడవారగా ఉన్న అల్మారా వైపు ఒకసారి చూసి, "రెండు," అన్నారు. మళ్లీ తానే సవరించుకున్నారు.

"ఒకటి మాది. ఇంకోటి మాది కాదు. కానీ ఇంట్లనే ఉంటది. ఎట్ల రాసుకుంటవో రాసుకో బిడ్డా."

నేను గడిలో ఒకటి అని వేసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టాను.

భద్రాచలం దాటి అడవిలోకి సాగే రోడ్డు మీద ఎర్రవాగు అడ్డరోడ్డు అనే కూడలి ఉంది. కొన్ని దుకాణాలు, ఒక పోలీసు చెక్‌పోస్టు, ఒక సెల్ టవర్, మంగళవారం సంత. అక్కడి నుంచి మట్టిదారులు గూడేలకు చీలిపోతాయి. సాంకేతికత, భద్రత, కరెంటు, ప్రభుత్వ విధానాలు: ఈ నాలుగింటి మీద అడవి అంచున బతికేవాళ్ల అభిప్రాయాలు సేకరించడానికి మా బృందం నిరుడు చలికాలంలో అక్కడికి వెళ్లింది. చెక్‌పోస్టు పక్కన రేకుల దుకాణంలో గాజులమ్మే ఖమరున్నీసా ఇల్లు నా వంతుకు వచ్చింది. ఆ ఊళ్లో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. పెద్దలకూ పిల్లలకూ ఆమె బీబమ్మ. గూడేల వాళ్లకు చార్జింగ్ బీబమ్మ.

ఆమె పుట్టింది వైరాలో. తండ్రి గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవారు. జానీ మియాను పెళ్లాడి ఈ అడ్డరోడ్డుకు వచ్చేనాటికి ఆయన రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేస్తుండేవారు. ఇల్లూ దుకాణమూ అయిన ఒకే గదిలో ఓ పక్క ఆయన సామాను, మరో పక్క ఆమె మట్టిగాజులు. "నాది పగిలేటి బేరం, ఆయనది పగిలినంక వచ్చేటి బేరం," అని ఆమె అంటే, జానీ మియా చేతిలోని పని ఆపకుండానే, "రెండిట్లోనూ నష్టం నాకే," అంటారు.

టవర్ వచ్చాక గూడేల్లోకి ఫోన్లు వెళ్లాయి గానీ కరెంటు వెళ్లలేదు. సంతకు వచ్చేవాళ్లు ఉప్పు, నూనె, ఎండుచేపలతో పాటు ఫోను చార్జింగు కూడా సంతపనుల్లో చేర్చుకున్నారు. జానీ మియా ఒక చెక్కపలక మీద వరసగా సాకెట్లు బిగించారు. కరెంటు పోతే నడిపేందుకు చిన్న డీజిల్ జనరేటర్ తెచ్చారు. ఒకే రకం కీప్యాడ్ ఫోన్లు కుప్పగా వచ్చి పడేవి. ఏది ఎవరిదో గుర్తుపట్టడం ఎలా? కాగితం చీటీ ఇస్తే వాగు దాటేలోపు తడిసి ముద్దవుతుంది. పేర్లు అడగడం ఆ ప్రాంతంలో మర్యాద కాదు. అడిగినవాళ్లు ఎవరి కోసం అడుగుతున్నారోనని అనుమానం వస్తుంది. ఖమరున్నీసా తన బేరంలోంచే దారి వెతికారు. డజనులో కొన్ని పగిలాక మిగిలే గాజులు అమ్ముడుపోవు. వాటిని జతలు చేశారు. జతలో ఒక గాజును ఫోనుకు దారంతో కట్టి, రెండోదాన్ని మనిషి చేతికిచ్చేవారు. గాజు తిరిగి తెచ్చినవాళ్లకు దాని జత ఉన్న ఫోను.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. ఫోను ఇచ్చేముందు అందరూ సిమ్ము తీసి దగ్గర పెట్టుకునేవారు. నంబరు తమతో, ఫోను బీబమ్మతో.

మా నాలుగు విభాగాల్లో దేనికీ ఆమె జవాబు మా గడుల్లో ఇమడలేదు. రేషను దుకాణంలో వేలిముద్ర యంత్రం గురించి అడిగితే చూపుడువేలు నా ముందు పెట్టారు. "గీతలు అరిగినయంట. చిన్నప్పటి సంది గాజులు తొడిగిన వేళ్లు. మిషిన్ల నేను లేనన్నడు డీలరు. తర్వాత కంటిని చూపియ్యమన్నడు. కంట్ల ఉన్ననంట." కూడలిలో పెట్టిన కెమెరాల గురించి అడిగితే, "మా మియా బీడీ తాగేటందుకు దుకాణం ఎనకకు పోతుండు. గంతే వచ్చిన మార్పు," అన్నారు. గూడేలకు ఇచ్చిన సోలార్ పలకలు మంచివేనన్నారు. "ఎండకాలం నా అవసరం లేకుండె వాళ్లకు. వానకాలం మల్ల నా దగ్గరికే వస్తుండె. సర్కారుకు ఎండ మీద ఉన్న నమ్మకం నాకు లేదు."

డీజిల్ మాట వచ్చినప్పుడు మాత్రం ఆమె గొంతు మారింది. ఆ కథ చెప్పకముందే అల్మారా మీద ఉన్న బిస్కెట్ల రేకు డబ్బాలోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

పాట కాదు, ఏడుపు కాదు. ఎవరినో దూరం నుంచి పిలుస్తూ, మధ్యలో కాస్త కసురుకుంటూ, చివర మెత్తబడే మాటలు. అడవి గూడేల భాష; నాకు తెలియదు. రేకు డబ్బా కనుక గొంతుకు వెనకాల సన్నని మోత ఉంది. మాటలు ముగిసి, మళ్లీ మొదలై, మళ్లీ ముగిశాయి. జానీ మియా తల ఎత్తకుండానే, "అయిదైంది. చాయ్ పెట్టు ఖమరూ," అన్నారు. ఆమె లేచి వెళ్లారు. ఆ గదిలో ఉలిక్కిపడింది నేనొక్కదాన్నే.

డబ్బాలో ఒక కీప్యాడ్ ఫోను ఉంది. దానికి ఎర్రదారంతో ఒక గాజు కట్టి ఉంది: ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. ఫోనులో సిమ్ము లేదు. ఎవరో గొంతు రికార్డు చేసి అలారంగా పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం అయిదింటికి అది పలుకుతుంది.

"ఏమంటున్నదో తెలుసా?" అని అడిగాను.

"తెల్వదు."

"ఆ భాష వచ్చినవాళ్లు సంతకు వస్తారు కదా. ఎవరినైనా అడగొచ్చు."

"అడగొచ్చు. అడిగితే తెలుస్తది గద," అన్నారు ఖమరున్నీసా. అందుకే అడగలేదని నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

ఆమె చెప్పినదాని ప్రకారం ఆ ఫోను మూడేళ్ల కిందట, భద్రాచలం దగ్గర గోదావరి ఊళ్లమీదికి వచ్చిన వానల్లో, ఒక మంగళవారం ఆమె చేతికి వచ్చింది. ఆరోజు పొద్దున్నుంచే కరెంటు లేదు. జనరేటర్‌లో డీజిల్ లేదు. అంతకుముందు నెలలోనే ఆ చుట్టుపక్కల బంకుల్లో డబ్బాల్లో, సీసాల్లో డీజిల్ పోయవద్దని ఆంక్ష పెట్టారు. అడవిలో ఉన్నవాళ్లకు అందుతోందని భయం. జనరేటర్‌ను బంకు దాకా మోసుకెళ్లలేరు కనుక దానికి డీజిల్ ఆగిపోయింది.

పొడుగుపాటి యువకుడు, నెత్తి మీద తువ్వాల, నీళ్లు కారుతూ దుకాణంలోకి వచ్చాడు. రోడ్డు మీద కల్వర్టు పనికి వచ్చే కూలీ అని మాత్రమే ఆమెకు తెలుసు.

"బీబమ్మా, పొద్దుమీకి చార్జింగ్ ఎక్కుతదా?"

"కరెంటు లేదు, డీజిల్ లేదు. నా చెయ్యి పెడితే ఎక్కుతదా? వచ్చే మంగళారం రా."

"వారం దాకనా? మా ఆమె తిడ్తది."

"ఫోను లేకుంటే తిట్టు ఎట్ల ఇనపడ్తది? వారం దినాలు హాయిగ ఉండు పో."

అతను నవ్వాడట. సిమ్ము తీసుకుని, గాజు తీసుకుని, పగలకుండా చొక్కా జేబులో పెట్టుకుని వానలోకి దిగాడట. ఆ మాటను ఆమె నాకు మొదటి రోజు ఒకసారి, తర్వాత కలిసినప్పుడల్లా ఒకసారి చెప్పారు. హాయిగ ఉండు పో అన్న. నేనే అన్న.

మర్నాడు రాత్రి కొద్దిసేపు కరెంటు వచ్చింది. ఫోను చార్జింగు పెట్టారు. బేస్తవారం సాయంత్రం వాగు రోడ్డెక్కి పారుతుండగా, దుకాణంలోకి నీళ్లు రాకుండా గడప దగ్గర బస్తాలు వేస్తుండగా, చెక్కపలక మీదినుంచి ఆ గొంతు మొదటిసారి వినిపించింది. ఇద్దరూ చేతులు ఆపి విన్నారు. బయట ఎవరో వాగులో చిక్కుకుని పిలుస్తున్నారనుకుని జానీ మియా తలుపు కూడా తీశారు.

మరుసటి మంగళవారం సంత జరగలేదు. ఆ తర్వాతి మంగళవారాల్లో అందరి గాజులూ తిరిగి వచ్చాయి. ఆకుపచ్చది రాలేదు.

కూలీ ఒకడు కనబడటం లేదన్న మాట మాత్రం వచ్చింది. కొందరు వాగులో పోయాడన్నారు. కొందరు లోపలికి పోయాడన్నారు. ఈ ప్రాంతంలో 'లోపలికి పోయిండు' అనే మాటకు మూడు అర్థాలున్నాయి. లోపలి గూడేనికి పోయాడని ఒకటి. జైలుకు పోయాడని ఒకటి. తుపాకీ పట్టినవాళ్లలో కలిశాడని ఒకటి. మాట ఒకటే, చెప్పే మనిషి గొంతు ఎంత తగ్గించాడో దాన్నిబట్టి అర్థం తీసుకోవాలి. ఆ వానల్లో ఈ మాట చెప్పినవాళ్లందరూ గొంతు బాగా తగ్గించి చెప్పారు.

అందుకే చెక్‌పోస్టు కానిస్టేబుల్ జగదీష్ దుకాణానికి వచ్చాడు. మనిషి మంచివాడేనని ఖమరున్నీసా అన్నారు. అతను చెప్పింది కూడా పైనుంచి వచ్చిన మాటే.

"బీబమ్మా, ఇగ చార్జింగుకు వచ్చేటోళ్ల పేర్లు రాయాలె. పేరు, ఊరు, ఆధార్ జిరాక్సు."

"పేర్లు నాకు తెల్వయి బిడ్డా. గాజులు తెలుసు."

"గాజులకు ఆధార్ ఉండదు గద."

"ఉంటే బియ్యం కూడ వాటికే ఇస్తురు."

జగదీష్ నవ్వి, ఎవరూ తీసుకుపోని ఫోన్లుంటే స్టేషన్‌లో ఇవ్వాలన్నాడు. అడుగున పడి ఉన్న చెడిపోయిన ఫోన్లు తీసి ఇచ్చారు. ఆకుపచ్చ గాజు ఫోను అప్పటికే బిస్కెట్ల డబ్బాలోకి చేరింది. డబ్బా అతని తల వెనకే ఉంది. సాయంత్రం కావస్తోంది. చాయ్ తాగి పోతానన్నాడు జగదీష్. ఇంటికి వచ్చిన ఎవరినీ చాయ్ ఇవ్వకుండా పంపని మనిషి ఆరోజు చాయ్ పత్తి లేదన్నారు. పత్తి డబ్బా అతని కళ్ల ముందే ఉంది. అతను దాన్ని చూసి, ఆమెను చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఎందుకు దాచారని అడిగాను. మా ప్రశ్నావళిలో అది లేదు.

"ఫోనైతే ఇచ్చేద్దును. అండ్ల ఆడపిల్ల గొంతు ఉంది. ఆడపిల్ల గొంతును స్టేషన్ల ఎట్ల ఒప్పజెప్త? రోజూ అయిదింటికి ఆ పిల్ల పిలుస్తుంటే అంతమంది మొగోళ్లు కూసోని ఇంటరా?"

బ్యాటరీ తీసేస్తే గొంతు ఆగిపోతుందని జానీ మియా చాలాసార్లు అన్నారట. "తియ్యి మరి," అని ఆమె డబ్బా ఆయన ముందు పెట్టేవారట. ఆయన తీయలేదు. పైగా నిరుడు ఆ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోతే, ఖమ్మం వెళ్లి పాత ఫోన్ల బజారంతా తిరిగి అదే రకం ఇంకొకటి తెచ్చి వేశారు. ఆ ఊరి ప్రయాణం గురించి అడిగితే, "దవాఖానా పని మీద పోయిన," అన్నారు. వీపు మీద ఖమరున్నీసా చూపు తగిలాక, "బ్యాటరీ కూడ తెచ్చిన," అని కలిపారు.

మూడేళ్లలో గూడేలకు ఒక్కొక్కటిగా కరెంటు వెళ్లింది. మంగళవారాల్లో ఫోన్లు తగ్గాయి. జతల గాజుల సంచి గోడకు ఎక్కింది. చార్జింగుకు పెట్టిన ఫోను ఒక్కటే మిగిలింది. ఒకసారి సాయంత్రం దుకాణం ముందు నిలబడిన జగదీష్ ఆ గొంతు విని, జానీ మియాతో, "మీ రేడియో టైము తప్పదు చాచా," అని మాత్రం అన్నాడట.

నా మొదటి పర్యటన అక్కడితో ముగిసింది.

ఈ ఏడు వానలు తగ్గాక మిగిలిన ప్రశ్నల కోసం మళ్లీ వెళ్లాను. నేను కూర్చోకముందే ఖమరున్నీసా, "ఆమె వచ్చింది," అన్నారు. ఎవరని అడగలేదు. ఇక ముందు రాసేది నేను కళ్లతో చూసింది కాదు. ఖమరున్నీసా చెప్పింది, తర్వాత గూడేనికి వెళ్లి ఆ యువతి నోట విన్నది.

ఆమె పేరు ప్రసూన. కనబడకుండా పోయిన వీరబాబు భార్య. అతను పోయిన తర్వాత ఛత్తీస్‌గఢ్ వైపున్న తల్లిగారి ఊరికి వెళ్లిపోయింది. శవం దొరకలేదు కనుక వరద సాయం రాలేదు. చావు కాగితం లేదు కనుక పింఛను రాలేదు. ఈ ఏడు గూడేనికి స్తంభాలు వేసి ఇళ్లకు మీటర్లు బిగించేటప్పుడు అత్తింటివాళ్లు కబురు పెడితే తిరిగి వచ్చింది. ప్రభుత్వం గురించి ఆమె అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పింది. "వేలిముద్ర వెయ్యలేదని ఆయనను రేషను కార్డుల నుంచి తీసేసిన్రు. ఇల్లు ఆయన పేరున ఉందని మీటరుల పెట్టిన్రు. నెలనెలా ఆయన పేరు మీద బిల్లు వస్తది. ఒకలు లేడంటరు, ఒకలు ఉన్నడంటరు."

వచ్చాక మొదటి మంగళవారం సంతకు వెళ్లింది. జనం పలచబడే వేళకు గాజుల దుకాణం ముందు కూర్చుంది.

ఖమరున్నీసా తల వంచుకుని గాజుల పెట్టెలు సర్దుతున్నారు. ముందు గొంతు విన్నారు. "బీబమ్మా," అన్న ఆ ఒక్క పిలుపుకే ఆమె తల ఎత్తి చూసింది ప్రసూనను కాదు, అల్మారా మీది డబ్బాను. ఇవాళ ఇంత ముందే పలికిందేమిటని అనుకున్నారు. రెండోసారి అదే గొంతు ఎదురుగా వినిపించింది.

"బీబమ్మా, దీనికి జత ఉంటదా?"

మణికట్టు ముందుకు చాపింది. మామూలు ఎర్రగాజుల మధ్య ఒకే ఒక్క ఆకుపచ్చ గాజు. పసుపు చుక్కలు.

"ఇది యాడిది బిడ్డా?"

"మా ఆయన తెచ్చిండు. మంగళారం సంత చొక్కా తడిసి దండెం మీద ఉండె. బేస్తారం ఇంకో చొక్కా తొడుక్కోని పనికి పోయిండు. మల్ల రాలే. ఆ తడి చొక్కా జేబుల దొరికింది."

"ఒక్కటే?"

"ఒక్కటే. ఎవరన్న ఒక్క గాజు తెస్తరా? రెండోది దార్ల పగిలిందో, తర్వాత ఇస్తనని దాచిండో. అడుగుదమంటే మనిషి లేకపాయె. అందుకే నిన్ను అడుగుతున్న."

ఖమరున్నీసాకు ఆ క్షణంలో రెండు సంగతులు కలిసి తెలిశాయి. మూడేళ్లుగా ఈ పిల్ల పెనిమిటి తెచ్చిన ఆఖరి కానుక అనుకుని తొడుక్కున్నది తన దుకాణపు గుర్తుగాజు. రెండోది, కొద్దిసేపట్లో అయిదు అవుతుంది.

గుర్తుగాజని చెబితే కానుక పోతుంది. జత లేదని పంపేస్తే, పంపేలోపే డబ్బా పలుకుతుంది. లేచి ఫోను ఆపేయవచ్చు. అల్మారా మూడు అడుగుల దూరంలో ఉంది. ఆమె జానీ మియాకు కంటితో డబ్బాను చూపించారు.

"ఏంది? చాయా?" అన్నారు ఆయన.

"చాయ్ కాదు."

"మరేంది? నోటితోని చెప్పరాదా?"

"ఏం లేదు. పని చూసుకో."

ప్రసూన చేయి ఇంకా చాపే ఉంది. "లేదా బీబమ్మా?" అంది. అప్పుడే డబ్బా పలికింది.

ఇక్కడ ఇద్దరి మాటలకు తేడా ఉంది. తాను చేయి కదల్చలేదని, కూర్చున్నచోటే కూర్చున్నానని ఖమరున్నీసా చెప్పారు. బీబమ్మ గబుక్కున లేచి, పసిపిల్ల నిద్ర లేవకుండా జోకొట్టినట్టు రెండు చేతులూ డబ్బా మీద పెట్టిందని ప్రసూన చెప్పింది. నేను రెండూ రాసుకున్నాను. ఏది నిజమో తేల్చమని ఇద్దరిలో ఎవరినీ అడగలేదు.

గొంతు ముగిసే దాకా ప్రసూన కదలలేదు. రెండోసారి మొదలై అదీ ముగిసింది.

"అది నేను," అంది.

ఖమరున్నీసా మూడేళ్లుగా ఎవరినీ అడగని ప్రశ్న అప్పుడు అడిగారు. "ఏమంటున్నవ్ బిడ్డా అండ్ల?"

"పొద్దు వాలింది, వాగు దాటి రా, అంటున్న. పని అయినంక ఆ ఊరోళ్లు ఈ ఊరోళ్లు కూడి పేకాట కూసుంటుండె. చీకటి పడితే చెక్‌పోస్టు కాడ ఆపి నూరు మాటలు అడుగుతరు. అందుకని నేనే ఫోనుల చెప్పి అయిదింటికి పెట్టిన. తిట్టు కూడ ఉంది నడుమ."

తర్వాత తానే అడిగింది. "ఫోను ఇక్కడ పెట్టిండని నాకు చెప్పలే. ఆ బేస్తారం పొద్దుమీకి గిది యాడ మోగింది బీబమ్మా?"

"ఇక్కడ్నే."

"అయితే ఆయనకు ఇనపడలే."

జానీ మియా చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టారు.

"అయిదింటికి రోడ్డు మీద వాగు మోకాల్లోతే ఉండె," అంది ప్రసూన. "చీకటి పడినంక పెరిగింది."

హాయిగ ఉండు పో అన్న మాట తన నోటి దాకా వచ్చిందని, చెప్పేద్దామనుకున్నానని, చెప్పలేదని ఖమరున్నీసా నాతో అన్నారు. డీజిల్ గురించి మాత్రం చెప్పారట. కరెంటు లేదు, డబ్బాలో డీజిల్ పోయలేదు, అందుకే ఫోను ఉండిపోయింది, అని. ప్రసూన ఇదంతా విని, "ఎవరి కోసమో డీజిల్ ఆపిన్రు, గీయన ఆగిండు," అంది. కోపంగా కాదు. మీటరు బిల్లు సంగతి చెప్పినంత మామూలుగానే.

నేను గూడేనికి వెళ్లినరోజు ఆమె మాట వేరుగా ఉంది. "ఇనపడలేదు గనుక దాటనే లేదేమో. నేను పిలువలే, ఆయన రాలే. ఆ గట్టునే ఉన్నడేమో. ఏదో ఒక లోపలికి పోయిండేమో." చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గించలేదు. ఆ ప్రాంతంలో ఆ మాటను మామూలు గొంతుతో అన్న మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు.

తిరిగి ఆ మంగళవారానికి వస్తాను. ఖమరున్నీసా డబ్బా దించి ఫోను తీసి ప్రసూన ముందు పెట్టారు. ఎర్రదారానికి వేలాడుతున్న రెండో గాజును ప్రసూన చూసింది. తన చేతిదాన్ని చూసుకుంది. దేనికీ వివరణ అక్కర లేకపోయింది.

"అయితే ఇది నాకు తెచ్చింది కాదు."

"నా దగ్గర చీటీలు లేక గాజులు ఇస్తుంటి బిడ్డా."

"అవ్."

"జేబుల పెట్టుకున్నడు. మొలకు చెక్కుకునేటోళ్లు ఉన్నరు, సంచుల ఏసేటోళ్లు ఉన్నరు. నీ పెనిమిటి గుండె మీది జేబుల పెట్టుకున్నడు. నేను చూసిన," అన్నారు ఖమరున్నీసా. తనకు తోచిన ఒకే ఓదార్పు అది. అబద్ధం కూడా కాదు.

ప్రసూన ఆకుపచ్చ గాజు మీద వేలు పెట్టి తిప్పింది. మూడేళ్ల కూలిపనికి చేయి ముదిరింది. గాజు మణికట్టు ఎముక దాటి రాదు.

"గాజు ఇచ్చి ఫోను తీస్కపోవాలె. అంతేనా?"

"గాజు వద్దు. ఫోను తీస్కపో."

"గట్లెట్ల? అందరికీ ఒకటే పద్ధతి గద." గాజు మీది వేలు తీయలేదు. "ఆయన పోయినంక ఊళ్లె పెద్దోళ్లు గాజులు తియ్యమన్నరు. మా అమ్మ తియ్యమన్నది. ఆఫీసుల సారు కూడ, చేతినిండ గాజులు ఏసుకోని వితంతు పింఛను అడిగితే ఎట్లమ్మా అన్నడు. తియ్యలే. ఇప్పుడు ఫోను కోసం తియ్యాల్నా?"

సబ్బునీళ్లు పెట్టి, వేళ్లు మడిచి, ఎంత ముదిరిన చేతినుంచైనా గాజు పగలకుండా తీయడం ఖమరున్నీసాకు తెలిసిన పని. ఆ పని కోసమే కొన్ని ఇళ్లకు ఆమెను ప్రత్యేకంగా పిలుస్తారు. ఆమె వెళ్లని ఇళ్లు అవేనని జానీ మియా ఒకసారి నాతో చెప్పారు.

"నేను తియ్యమనలే బిడ్డా," అన్నారు.

"మరి ఫోను ఇక్కడ్నే ఉండనియ్యి. ఇంకా చార్జింగ్ ఎక్కలేదనుకో."

ప్రసూన జత గాజు కూడా అడగలేదు. దారానికి ఉన్నదాన్ని ఒకసారి ముట్టుకుని, ఫోనును తానే డబ్బాలో పెట్టి, మూత వేసి వెళ్లిపోయింది. వాగు మీద ఇప్పుడు కల్వర్టు ఉంది. పొద్దు వాలినా దాటవచ్చు.

నేను ఉన్న వారంలోనూ ఒక మంగళవారం వచ్చింది. ప్రసూన సంత ముగించుకుని వచ్చి గాజుల పెట్టెల పక్కన కూర్చుంది. ఎవరూ గడియారం వైపు చూడలేదు. డబ్బా పలికినప్పుడు ఆమె వీధి వైపు తిరిగి ఉంది. కల్వర్టు వైపు నుంచి మనుషులు వస్తున్నారు, ఒక్కొక్కరి ముఖమూ దగ్గరయ్యేదాకా చూస్తోంది. జానీ మియా ఈసారి చాయ్ అడగలేదు. తానే లేచి పొయ్యి వెలిగించారు.

వెళ్లేముందు నా పాత ప్రశ్నావళి తీసి, మొదటి పేజీలో చలికాలం నుంచి అలాగే ఉన్న ప్రశ్నార్థకాన్ని ఖమరున్నీసాకు చూపించాను. ఇంట్లో ఫోన్లు ఎన్నని మళ్లీ అడిగాను.

"ఒకటే," అన్నారు. "ఇంకోటి చార్జింగుకు వచ్చింది."